కోట తాళంచెవి ఉండే ఇల్లు

మా ఊరు క్లూన్‌బెగ్ మలుపులో ఒక రేకు పలక ఉంది. "కోటకు దారి ఇటు. తాళంచెవి టార్పీ వాళ్లింట్లో అడగండి" అని దాని మీద రాసి ఉంటుంది. రంగు వెలిసినప్పుడల్లా ఆ ఇంటివాళ్లే దిద్దుకునేవాళ్లు. నీలం తలుపున్న ఆ ఇంట్లో డెలియా టార్పీ, ఆమె తమ్ముడు మ్యాటీ ఉండేవాళ్లు. వంటింట్లో యేసు తిరుహృదయ పటం కింద ఒక మేకు, దానికి జానెడు పొడుగు ఇనప తాళంచెవి. ఆ మేకు వాళ్ల నాన్న కొట్టినది.

తాళంచెవి అడగ్గానే చేతికి వచ్చేది కాదు. "ఏమైనా తిన్నారా?" అనేది ముందు డెలియా. తిన్నామన్నా లాభం లేదు. మావైపు టీ ఇస్తానంటే మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం కూడా మర్యాదే. మూడోసారి అడిగాకే కుర్చీ లాక్కుంటారు. వేసవి శనివారాల్లో బస్సులో కోట చూడ్డానికొచ్చే పైదేశాల పిల్లలకు ఈ తంతు తెలియదు. అడిగీ అడగ్గానే "ఇవ్వండి" అని కూర్చునేవాళ్లు. డెలియాకి వాళ్లంటే మరీ ఇష్టం.

"వీళ్లే నయం. నా నోటికి పని తగ్గించారు" అనేది.

టీ, సోడా రొట్టె, వెన్న అయ్యాక మ్యాటీ లేచి తాళంచెవి తీసుకునేవాడు. పెరటి గోడ దాటితే చిత్తడి పచ్చిక, దాని మీదుగా సన్నటి దారి, అవతల గుట్ట మీద పైకప్పు లేని కోట. కోట గోడను ఆనుకుని మా పాత సమాధులు. మ్యాటీ ముందు నడిచేవాడు, తాళం తీసేవాడు, వచ్చినవాళ్లు చూసినంతసేపూ గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఎవరైనా "ఈ కోట ఎవరు కట్టారండీ?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "పాతది" అనేవాడు. అంతకుమించి ఎవరూ అతని నోట వినలేదు.

తిరిగొచ్చేసరికి పిల్లల బూట్లు తడిసి ముద్దయ్యేవి. డెలియా వాటిని పొయ్యి చుట్టూ ఆరబెట్టి, మ్యాటీ ఉన్ని మేజోళ్లు తలా ఒక జత ఇచ్చేది. కొందరు వాటితోనే బస్సెక్కిపోయేవాళ్లు. మర్నాడు మ్యాటీ ఉత్త కాళ్లే బూట్లలో దూర్చేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఆర్నెల్లకో ఏడాదికో స్పెయిన్ నుంచో జపాన్ నుంచో ఉతికి మడతపెట్టిన మేజోళ్లు పోస్టులో వచ్చేవి. డెలియా వాటిని చూపించి, "మ్యాటీ కంటే వాడి మేజోళ్లే ఎక్కువ దేశాలు తిరిగాయి" అని నవ్వేది.

వయసులో ఉన్నప్పుడు డెలియా పట్నంలో కన్యాస్త్రీల బడిలో వంట చేసేది. తల్లి మంచం పడితే వచ్చేసింది. తల్లి పోయాక మళ్లీ వెళ్లలేదు. తమ్ముడికి ఎవరుంటారు? చర్చిలో పూలు మార్చడం, మే నెలలో మరియమ్మ పీఠం అలంకరించడం, శనివారాల్లో రొట్టె రెండింతలు కాల్చడం. ఆమె బతుకు అంతే అనుకునేవాళ్లం. అది తక్కువేమీ కాదని మాకు ఆ జులైలో తెలిసింది.

మ్యాటీ పాలు పితికి వచ్చి, బెంచీ మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. డెలియా పొయ్యి దగ్గరి నుంచి, "పాలు గిన్నెలో పోశావా?" అని రెండుసార్లు అడిగిందట.

అంతకుముందు చలికాలంలో అతనికి ఊపిరితిత్తులకు జబ్బు చేసినప్పుడు అక్క దగ్గర ఒక మాట తీసుకున్నాడు. రోడ్డు పక్క కొత్త శ్మశానం వద్దు, కోట దగ్గర అమ్మానాన్నల పక్కన పెట్టు. బండి మీద వద్దు, భుజాల మీద తీసుకెళ్లు. డెలియా సరేనంది. అదేమంత పెద్ద కోరిక కాదు. ఆ పచ్చిక మీదుగా టార్పీలందరూ భుజాల మీదే వెళ్లారు. మా ఊళ్లో ఎవరు పోయినా మొదట భుజం పట్టేది మ్యాటీయే. పెళ్లిళ్లకు పిలిస్తే మొహం చాటేసేవాడు. చావుకు మాత్రం పిలవకపోయినా వచ్చేవాడు.

అయితే పొరపాటు ఒకటి జరిగింది. అలాంటి పొరపాటు మా ఊరే చెయ్యగలదు.

సమాధి ఏ రోజు పెడదామని ఫాదర్ కిల్బేన్ అడిగితే డెలియా, "శనివారం, ఫాదర్. వాడు కోట తలుపు తీసే రోజు" అంది. ఫాదర్ వేరే జిల్లా మనిషి, అలాగేనన్నారు. ఆ శనివారమే మా జిల్లా ఫుట్‌బాల్ జట్టు ఒక తరం తర్వాత డబ్లిన్‌లో సెమీఫైనల్ ఆడుతోంది. ఆ సంగతి తెలియనివాళ్లు మా చర్చి కిందికొచ్చే ఊళ్లన్నిటి మీద ఆ ఇద్దరే. శవం ఉన్న ఇంట్లో ఆట కబుర్లు ఎత్తడం బాగుండదని ఎవరూ నోరు విప్పలేదు.

శుక్రవారం సాయంత్రం శవపెట్టెను చర్చికి తీసుకెళ్లేముందు ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరూ డెలియా చెయ్యి పట్టుకుని, మావైపు పరామర్శకు వచ్చినవాళ్లు అనేట్టే, "నీ కష్టానికి మా విచారం, డెలియా" అన్నారు. అందరి జేబుల్లోనూ టికెట్లున్నాయి. నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుంది, మిగతావాళ్లు ఉంటారు కదా, అని ప్రతివాడూ అనుకున్నాడు. జపమాల చెప్పారు, టీ తాగారు, వెళ్లారు.

మావైపు శవాన్ని చర్చికి తీసుకెళ్లినప్పుడు ఇల్లు ఒంటరిగా వదలరు. ఎవరో ఒకరు ఉండి పొయ్యి ఆరకుండా, వచ్చేవాళ్లకు టీ సిద్ధంగా చూడాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. శనివారం పొద్దున్నే నేను వెళ్లేసరికి డెలియా నల్ల కోటు తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. రోడ్డు మీద కార్లు వరసగా తూర్పుకు పోతున్నాయి. కిటికీల్లోంచి జెండాలు రెపరెపలాడుతున్నాయి.

"వీళ్లంతా ఎటే, అమ్మాయ్? ఆ జెండాలేమిటి?" అంది.

నేను చెప్పాను. చెప్పక తప్పుతుందా.

ఆమె బెంచీ మీద, మ్యాటీ కూర్చునే చోట కూర్చుంది.

"ఇంతమందికి పట్టాడు వాడు. వాడికి పట్టడానికి ఎవరూ లేరన్నమాట" అంది. ఆ మాటలో కోపం లేదు. మళ్లీ తనే, "పోనీలే పాపం, మనవాళ్లు గెలిచి ఎన్నాళ్లయిందో. పోనీ" అంది. లేచి చేతిసంచీ తీసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "కానీ నేను మాటిచ్చాను కదే."

ఊళ్లో మిగిలిన మగవాళ్లు మోకాళ్ల నొప్పుల బార్ట్లీ, అతనికంటే పెద్దవాళ్లు ఇంకో ఇద్దరు. పెట్టెకు ఆరుగురు కావాలి. పచ్చిక సగంలో మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు. కాళ్లు దిగబడే నేల అది.

చర్చిలో పూజ జరుగుతుండగా ఇంట్లో నేను రొట్టెలకు వెన్న రాస్తున్నాను. బయట బస్సు ఆగిన చప్పుడైంది. మలాకీ. గాల్వేలో ఇంగ్లిషు నేర్చుకోవడానికి పైదేశాల నుంచొచ్చిన పిల్లల్ని వేసవి శనివారాల్లో ఊళ్లూ కోటలూ చూపించడానికి తిప్పుతుంటాడు. టోపీ వెనక్కి తోసుకుని నవ్వుతూ లోపలికొచ్చాడు.

"డెలియమ్మ ఏదీ? తాళంచెవి ఇస్తే ఈ మందను తోలుకెళ్తా. గురువారం నుంచి కిల్కెన్నీ, కాహిర్, లిమరిక్ అన్నీ చూపించుకొచ్చా. కోట పేరెత్తితే కొట్టేట్టున్నారు. 'మళ్లీ కోటా మలాకీ, అవే రాళ్లు కదా' అంటున్నారు. రాళ్లు అవేరా నాయనా, రొట్టె వేరు అని చెప్పి తీసుకొచ్చా."

అప్పుడు ఆగిపోయిన గడియారం చూశాడు. మా ఇళ్లలో మనిషి పోతే గడియారం ఆపుతాం. టోపీ తీసేశాడు.

"ఎవరు?"

"మ్యాటీ. బుధవారం."

"అయ్యో దేవుడా." బెంచీ మీద కూర్చోబోయి, ఎందుకో మళ్లీ లేచాడు. "రోజూ పొద్దున రేడియోలో చావు కబుర్లు వినందే బస్సు తియ్యను నేను. ఈ మూడు రోజులు దక్షిణాన ఉన్నా, అక్కడ మన స్టేషన్ అందదు. డెలియమ్మ ఏమనుకుంటుంది? మలాకీ పలకరింపుకైనా రాలేదనుకోదూ?"

"ఆమె ఇవాళ అనుకోవలసినవి వేరే ఉన్నాయి" అని సంగతంతా చెప్పాను.

మలాకీ వింటూ కిటికీలోంచి బస్సు వైపు చూశాడు. పిల్లలు దిగి ఒళ్లు విరుచుకుంటున్నారు. రంగురంగుల వాన కోట్లు. ఒకడు గోడ మీద కూర్చుని నిద్రపోతున్నాడు.

"సాయంత్రానికి వీళ్లను గాల్వేలో దింపాలి" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. టోపీ చేతిలోనే పట్టుకుని బయటికి వెళ్లాడు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. అతను పిల్లల్ని దగ్గరికి రమ్మన్నాడు.

"ఇటు చూడండి పిల్లలూ. ఈ ఇంటాయన పోయాడు. ఇప్పుడు పెట్టెను తెస్తారు. దారిలో శవం ఎదురైతే మా వాళ్లు తమ పని ఆపి, వెనక్కి తిరిగి, దానితో కూడా మూడడుగులైనా నడుస్తారు. దాన్ని దయగల మూడడుగులు అంటాం. అది ఎవరి శవమైనా సరే. మీరు నడవాలని నేననను. నడిచేవాళ్లు నాతో రండి. వద్దనుకున్నవాళ్లు బస్సులో కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు."

నెరేయా అనే స్పెయిన్ అమ్మాయి, "మూడడుగులేనా?" అని అడిగింది.

"అక్కడిదాకానూ నడవచ్చు" అని మలాకీ కోట చూపించాడు.

ఎవరూ బస్సెక్కలేదు. గోడ మీద నిద్రపోతున్నవాణ్ణి కూడా లేపారు.

చర్చి నుంచి పెట్టెతో నల్ల బండి వచ్చి గేటు దగ్గర ఆగింది. వెనక నడుస్తున్నవాళ్లలో ఎక్కువమంది ముసలి ఆడవాళ్లే. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే గిల్‌మార్టిన్ దిగి, డెలియా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక మాటంటాను, ఏమీ అనుకోకు డెలియా. బార్ట్లీ ట్రాక్టర్ ఉంది. వెనక బల్ల శుభ్రంగా కడిగించాను, దుప్పటి పరిపిస్తాను. గౌరవంగానే వెళ్తాడు."

"మ్యాటీ గడ్డిమోపు కాదు, గిల్‌మార్టిన్."

"కాదు, కాదు. మనుషులేరి మరి?"

"నేనొక వైపు పడతాను" అంది డెలియా.

బార్ట్లీ వచ్చాడు. ఆమెతో కలిసి ఒకే బల్ల మీద చదువుకున్నవాడు. "నువ్వొక వైపు, నా మోకాలొక వైపు. మధ్యలో మ్యాటీ లేచి, 'దించండర్రా, నేను నడిచే వెళ్తా' అంటాడు" అన్నాడు. అలా అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

మలాకీ ముందుకొచ్చి డెలియా చెయ్యి పట్టుకున్నాడు. "నీ కష్టానికి నా విచారం, డెలియమ్మా. నాకు తెలీలేదు. రేడియో అందలేదు."

"నువ్వొచ్చావుగా, నాయనా" అంది ఆమె. అతని వెనక ఉన్న పిల్లల్ని అప్పుడే చూసింది. మొహం ఒక్కసారి మారింది. "అయ్యో, ఇవాళ శనివారం కదూ. ఈ పిల్లలు ఏమైనా తిన్నారా?"

"తర్వాత తింటారు. ముందు భుజం పడతామంటున్నారు. నువ్వు ఒప్పుకుంటే."

డెలియా పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూసింది. అందరూ తలవంచుకుని నిలబడ్డారు. ఎవరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలియడం లేదు.

"వాడి పేరు మ్యాటీ" అంది వాళ్లతో. "ఎక్కువ మాట్లాడేవాడు కాదు."

అదే ఒప్పుకోవడం అని గిల్‌మార్టిన్‌కు అర్థమైంది. అతను తన పని దేవుడి పనిలా చేసే మనిషి. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎత్తులు చూడడం మొదలుపెట్టాడు. "ఎత్తులు కలవాలి. లేకపోతే బరువంతా పొడుగువాడి మీదే పడుతుంది. నువ్విటు. నువ్వు వెనక్కి. నీ పేరేంటి బాబూ?"

"కైయో. బ్రెజిల్."

"నువ్వు తలవైపు. అక్కడే బరువెక్కువ."

నెరేయా, ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా వరసలోకి వచ్చారు. గిల్‌మార్టిన్ ఆగి డెలియా వైపు చూశాడు. మా ఊళ్లో అంతవరకు ఆడవాళ్లు భుజం పట్టింది లేదు.

బార్ట్లీయే అందుకున్నాడు. "జన్మంతా ఒక ఆడపిల్లనైనా కన్నెత్తి చూడలేదు మ్యాటీ. ఇప్పుడు ముగ్గురు మోస్తున్నారంటే సిగ్గుతో చచ్చిపోతాడు."

"చచ్చే పోయాడు కదరా, ఇక సిగ్గెందుకు? పట్టనీ" అంది డెలియా.

ఆ ఉదయం ఆమె పెదవుల మీద నవ్వు చూడటం నాకదే మొదలు.

"పక్కవాళ్ల మెడ వెనక నుంచి చెయ్యి వేసి భుజం పట్టుకోండి. గట్టిగా. ఒకరికొకరు తెలీకపోయినా పరవాలేదు. పెట్టె కాళ్లవైపు ముందుకు. కలిపి అడుగెయ్యాలి, ఎడమతో మొదలు" అన్నాడు గిల్‌మార్టిన్. ఎత్తారు. పెట్టె ఒక్క క్షణం అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంది.

నేను ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి కనుక పెరటి గోడ దాకానే వెళ్లాను. అక్కడి నుంచి అంతా కనబడుతూనే ఉంది. ముందు ఫాదర్, వెనక పెట్టె, దాని కింద ఎరుపు, పసుపు, నీలం వాన కోట్లు. ఫాదర్ జపమాల మొదలుపెట్టారు. మరియమ్మను తలిచే మంగళవార్త జపానికి మా ముసలివాళ్లు బదులు చెబుతుంటే, దాని కిందుగా వేరే భాషల్లో అదే జపం వినబడింది. స్పానిష్‌లో కొందరు, బ్రెజిల్ పిల్లలు వాళ్ల భాషలో. మాటలు కలవలేదు కానీ ఆగే చోట్లు కలిశాయి. ఆ ప్రార్థన తెలియనివాళ్లు ఊరికే నడిచారు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి డెలియా మోచెయ్యి పట్టుకుని, తడి ఉన్న చోట్ల తను బురదలో దిగి ఆమెను గట్టు మీద నడిపించింది. ఆ పిల్ల ఏ దేవుణ్ణి కొలుస్తుందో నేనడగలేదు. ఆయన చూసే ఉంటాడు.

సగంలో మార్చుకున్నారు. ఒక చోట కైయో మోకాలి దాకా దిగబడ్డాడు. పెట్టె ఒరిగింది. మలాకీ భుజం అడ్డేశాడు, కైయో కాలు లాక్కున్నాడు. బూటు బురదలోనే ఉండిపోయింది. అతను దాని కోసం ఆగలేదు. ఒంటి బూటుతోనే గుట్ట ఎక్కాడు. డెలియా అది చూసి దారిలో నిలబడిపోయిందని తర్వాత బార్ట్లీ చెప్పాడు. ఎందుకు ఆగిందో అతనికి తెలియలేదు. నాకు తెలుసు. బుధవారం బెంచీ మీద మ్యాటీకి ఉన్నదీ ఒక్క బూటే.

అమ్మానాన్నల పక్కన, కోట నీడలో, మ్యాటీని దించారు. భుజాల మీద వచ్చిన మనిషిని భుజాలే దించాయి.

తిరిగొచ్చాక వంటిల్లు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలు మెట్ల మీదా నేల మీదా కూర్చున్నారు. పొయ్యి చుట్టూ బూట్లు, అలమారాలోంచి తీసిన మ్యాటీ మేజోళ్లు. బార్ట్లీ బురదలోంచి తవ్వి తెచ్చిన కైయో బూటును డెలియా తనే కడిగింది. ఇంకొకరిని ముట్టనివ్వలేదు.

నెరేయాకు రొట్టె ఇవ్వబోతే ఆమె, "వద్దండి" అంది.

"తీసుకోమ్మా."

"వద్దండి."

"ఒక్క ముక్క."

"సరే ఇవ్వండి" అని తీసుకుని, పక్కనున్న మలాకీ వైపు సరిగ్గా చేశానా అన్నట్టు చూసింది. నేర్పింది అతనేనని తెలిసిపోయింది.

"పిల్లల్ని పాడుచేస్తున్నావు మలాకీ" అంది డెలియా.

టీ అయ్యాక మలాకీ చేతి గడియారం చూసుకుని, ఇక బయల్దేరతామన్నాడు. డెలియా తల అడ్డంగా ఊపింది.

"కోట చూడ్డానికి వచ్చారు వీళ్లు. చూడకుండా పోతే వాడేమనుకుంటాడు?"

"కోట దాకా వెళ్లొచ్చారు కదమ్మా."

"గోడ చూశారు. లోపల చూడలేదు."

మేకు మీది తాళంచెవి తీసుకుంది. తలుపు వెనక, బుధవారం ఎవరో తీసి పెట్టిన మ్యాటీ రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి, ఒకటి నిలబడి, ఒకటి పడి. వాటిలో కాళ్లు పెట్టింది. ఆమెకు వదులు. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని మళ్లీ పెట్టింది. నల్ల కోటుతో, ఆ బూట్లతో, పిల్లల ముందు నడిచింది. అన్నేళ్లూ ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయేది, కోటకు వెళ్లేది మ్యాటీయే. లోపలికి అడుగుపెట్టి చాలా కాలమైందని వచ్చాక చెప్పింది. ఎవరో పిల్ల ఈ కోట ఎవరు కట్టారని అడిగిందట. డెలియా కాసేపు ఆలోచించి, "పాతది" అందట.

ఆ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే కార్లు తిరిగొచ్చాయి. ఒక్కటీ హారన్ కొట్టలేదు. టార్పీల గేటు దగ్గర ఒకటొకటిగా ఆగాయి. మగవాళ్లు దిగి, జెండాలు సీట్ల కింద తోసి, టోపీలు చేతుల్లో పట్టుకుని లోపలికొచ్చారు. సంగతంతా వాళ్లకు దారిలోనే తెలిసింది. మావైపు కబురుకు రోడ్డు అక్కర్లేదు. అందరి వెనక ట్రాక్టర్ల మెకానిక్కు కోల్మన్ నిలబడ్డాడు. వాళ్ల నాన్న పెట్టెకు మ్యాటీ ముందు వరసలో పట్టాడు.

"నేనొక్కణ్ణి లేకపోతే ఏముందిలే అనుకున్నాను, డెలియా" అన్నాడు.

"అందరూ అదే అనుకున్నారు నాయనా. గెలిచారా?"

"లేదు. సమానం. వచ్చే శనివారం మళ్లీ ఆడాలి."

"అయితే వచ్చే శనివారం ఈ ఊళ్లో ఎవరూ చావకండి" అంది డెలియా.

నవ్వడమా మానడమా అని వాళ్లు కాసేపు నేల చూశారు. బార్ట్లీ నవ్వాక అందరూ నవ్వారు.

కోల్మన్ మాత్రం నవ్వలేదు. "నేను ఆటకు వెళ్లను. వచ్చే శనివారం పిల్లలు వస్తే తాళంచెవి నేను పట్టుకెళ్తా. ఆ చిత్తడిలో నువ్వెలా నడుస్తావు?"

డెలియా తలుపు వైపు చూపించింది. అక్కడ మ్యాటీ బూట్లు, ఆరని బురదతో, రెండూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

"నడిచొచ్చాను. నువ్వు ఆటకు వెళ్లు" అంది. ఆగిపోయిన గడియారాన్ని ఆడించి, ముల్లు సరిచేసి, పొయ్యి మీద కెటిల్ పెట్టింది. "కూర్చోండి అందరూ. దూరం నుంచి వచ్చారు. ఏమైనా తిన్నారా?"

"తిన్నాం, డెలియా" అన్నారు.

ఆమె మళ్లీ అడిగింది.